ప్రవళికను అడగండి

ప్రవళికకు నెలసరి వచ్చిన రోజు నేను మొదట చేసే పని బాత్రూం తలుపు బయట నిలబడి, లోపలికి రానా అని అడగడం. ఆమె "ఊ" అంటే వెళ్తాను. అనకపోతే అక్కడే నిలబడతాను. ఒక్కోసారి పది నిమిషాలు పడుతుంది.

సూర్యాపేటలో మా సెంటర్‌కు రోజూ ఇరవై ఇద్దరు వస్తారు. అందరూ పద్దెనిమిది దాటినవాళ్ళే. బుద్ధి ఎదుగుదల తక్కువని చిన్నప్పుడే డాక్టర్లు చెప్పినవాళ్ళు. అన్నం కలుపుకోవడం, బట్టలు మడతపెట్టుకోవడం, తమ ఊరి బస్సు గుర్తుపట్టడం వాళ్ళకు నేర్పాలి. చేతకానిచోట పక్కన ఉండాలి. అదే నా ఉద్యోగం. రిజిస్టర్‌లో సహాయకురాలు అని రాస్తారు, తల్లిదండ్రులు ఆయమ్మ అంటారు. మా ఆయన నగేష్‌కు ఆ పేరు కూడా ఎక్కువే. "ఇంట్ల చేసే పనే గాడ చేస్తున్నవ్. దానికి మళ్ళ ఉద్యోగమని పేరు" అంటాడు, నేను ఐదింటికి లేచి వండి కట్టిన టిఫిన్ డబ్బా సంచిలో పెట్టుకుంటూ. ఆయనకు మోటార్ వైండింగ్ షాపు ఉంది. అది పని. మా అత్త పోచమ్మ, ఆ పిల్లల గుడ్డలు ఉతికిన చేతులతో తనకు అన్నం పెట్టొద్దని మొదటి నెలంతా తన కంచంలో తనే వడ్డించుకుంది. తర్వాత మోకాళ్ళు పట్టేశాయి. ఇప్పుడు ఆ చేతులతోనే పెట్టించుకుంటోంది.

నాకు ఈ పని నేర్పింది రూతమ్మ మేడం. కోదాడ ఆమె, నర్సుగా రిటైరై ఈ సెంటర్ చూసుకుంటోంది. నాలుగేళ్ళ కింద, నేను చేరిన రోజున, ఒకామె చిక్కుజడ విప్పబోతుంటే మేడం నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"అడిగావా?"

"ఆమెకేం తెలుస్తది మేడం?"

"తెలుస్తుందా లేదా అన్నది తర్వాత సంగతి వనితా. అడగడం నీ పని."

నాకు విచిత్రంగా అనిపించింది. అడగడం నాకు రాని పని కాదు. పొద్దున లేస్తే అడగడమే. ఏం కూర వండాలి, డబ్బా ఎన్నింటికి కావాలి, మా అమ్మ వాళ్ళ ఇంటికి ఒక్కరోజు పోయి రానా. కాని అది వేరు. నేను అడిగేది అనుమతి. మేడం అడగమన్నది అవతలి మనిషి ఇష్టం. రెండింటికీ మాట ఒకటే అయినా, రెండోది నన్ను ఎవరూ ఎప్పుడూ అడిగిన గుర్తు లేదు. అందుకే నేర్చుకోవడానికి నాకు చాలా రోజులు పట్టింది.

ప్రవళికకు ఇరవై నాలుగేళ్ళు. చివ్వెంల దగ్గర తండా నుంచి వస్తుంది. మాటలు తక్కువ. ప్యాడ్ మార్చుకోవడం ఏడు నెలలుగా నేర్పుతున్నాను. క్యాలెండర్ మీద ఎర్ర బొట్టుబిళ్ళ అంటించడం, వాడినది పేపర్లో చుట్టడం, చేతులు కడుక్కోవడం. ఆరు నెలలు ఏదో ఒకటి మరిచిపోయేది, ఏడ్చేది. ఏడో నెలలో ఒక శుక్రవారం మాత్రం నేను బయటే ఉండగా అన్నీ తనే చేసుకుని, తడి చేతులు రెండూ చాపి నాకు చూపించింది. ఆ సంతోషం ఎవరికి చెప్పుకోవాలో తెలియక మధ్యాహ్నమంతా నాలో నేనే నవ్వుకుంటూ తిరిగాను.

సాయంత్రం ఆమెను తీసుకుపోవడానికి తల్లి సుక్కి వచ్చింది. నేను ఆ మాట చెప్పేలోపే తను చెప్పింది.

"సోమారం నుంచి పదిహేను దినాలు రాదమ్మా. మిర్యాలగూడల ఆపరేషన్."

"ఏం ఆపరేషన్?"

"గర్భసంచి తీపిస్తున్నం. ఇగ నెలనెలా ఈ పరేషాన్ ఉండది. మా ఆయన కిష్ట్యా సంతకం పెడతనన్నడు."

ప్రవళిక పక్కనే తన గిన్నె సంచిలో సర్దుకుంటోంది.

అదే మిర్యాలగూడ. పదకొండేళ్ళ కింద, నాకు ఇరవై ఆరు నిండినప్పుడు. అప్పుడు మేము తిరుమలగిరిలో పత్తి చేస్తుండేవాళ్ళం. మా మానసకు రెండేళ్ళు. రెండు నెలలు ఎర్రబట్ట ఆగలేదని ఒక ప్రైవేటు దవాఖానకు తీసుకుపోయారు. కడుపులో గడ్డ ఉంది, తీస్తారు అన్నాడు నగేష్. మత్తు దిగిన మర్నాడు కట్టు మార్చడానికి వచ్చిన ఆమె చెప్పింది, "ఇగ నీకు నెల బాధ లేదు తల్లీ" అని. చాలాసేపు నాకు అర్థం కాలేదు. అర్థమయ్యాక అత్త ముఖం చూశాను. "పీడ వదిలింది. ఇగ పత్తి ఏరేటప్పుడు ఆగుడు లేదు" అంది.

మానసకు ఒక తోడు కావాలని నేను ఎంత అనుకున్నానో నగేష్‌కు తెలుసు. దవాఖానకు పోయేటప్పుడు బస్సులో కూడా అన్నాను. ఆ తర్వాత ముప్పై దాటకముందే ఒంట్లో సెగలు, నిద్ర పట్టని రాత్రులు, మెట్లెక్కితే నొప్పులు. ఎవరికీ చెప్పలేదు. నాకు నేను ఒక్కటే చెప్పుకున్నాను: ఆయనకు తోచలేదు, డాక్టర్ కాగితం చాపితే భయపడి సంతకం పెట్టేశాడు, నన్ను అడగాలని తోచలేదు అని. ఆ మాట పట్టుకునే ఇన్నేళ్ళు ఆయనకు అన్నం వండాను.

ఆదివారం సెంటర్‌లో పని ఉందని ఇంట్లో చెప్పి తండాకు బస్సెక్కాను. సుక్కి వాకిట్లో కూర్చుని మిరపకాయల తొడిమలు తీస్తోంది. నేనూ పక్కన కూర్చుని ఒక గుప్పెడు ముందుకు లాక్కున్నాను. ప్రవళిక తనంతట తను మార్చుకున్న సంగతి చెప్పాను. ఆమె తల ఊపింది.

"గుడ్డలు ఉతుకుడు కష్టమని కాదమ్మా. నేనున్నన్ని దినాలు నేనే ఉతుకుత. ఎవడన్న ఏమన్న జేస్తే? కడుపొస్తే? తండల ముఖమెట్ల సూపియ్యాలె?"

"సంచి తీస్తే కడుపు రాదమ్మా. జేసేటోడు రాకుండ ఉంటడా? వాడు ఏం జేసినా మనకు తెల్వను గూడ తెల్వది. వాని పని ఇంక అల్కగైతది, వానికి భయమే ఉండది."

సుక్కి చేతులు ఆగిపోయాయి. ఆమె అలా ఆలోచించి ఉండదు. నేను కూడా ఆ మాట బయటికి వచ్చాకే పూర్తిగా విన్నాను. ఆ తర్వాత, ఎక్కడ నుంచి వచ్చిందో ధైర్యం, నా సంగతంతా చెప్పేశాను. మా అమ్మకు కూడా చెప్పని సెగల గురించీ, నొప్పుల గురించీ.

"మీ ఆయన నిన్ను అడగలేదా?"

"ఆయనకు తోచలేదు."

"చదువుకున్నదానివి, మాట తెలిసినదానివి. నిన్నే అడగకపోతే మా పిల్లనెవరు అడుగుతరు" అంది సుక్కి. దెప్పడానికి కాదు, తనకు తనే అనుకుంటున్నట్టు అంది.

కాసేపయ్యాక కూతుర్ని పిలిచింది. లంబాడీలో ఏదో అడిగింది. కడుపు చూపించింది, కోసినట్టు చేత్తో గీసి చూపించింది. ప్రవళిక రెండడుగులు వెనక్కి వేసింది. "వద్దు" అంది తెలుగులో, నాకేసి చూస్తూ. ఆ తర్వాత, "నేనే జేస్త" అంది. ఆపరేషన్ అంటే ఆమెకు ఎంత అర్థమైందో నాకు తెలియదు. తన పని తను చేసుకోగలనని మాత్రం చెప్పింది.

సుక్కి తొడిమలు పక్కకు ఊడ్చింది. కిష్ట్యాతో మాట్లాడతానంది. సోమవారం తొమ్మిదిన్నరకు నేను గేటు దగ్గరే నిలబడ్డాను. బస్సు దిగి తల్లీ కూతుళ్ళు నడిచి వస్తుంటే ఎదురెళ్ళాను. ప్రవళికను లోపలికి పంపి సుక్కి, "ఆయన కోపమైండు. అయితే అయిండు" అని వచ్చిన బస్సు వైపే తిరిగి పోయింది.

ఆ సాయంత్రం నేను పప్పు పొయ్యి మీద పెట్టి నగేష్ ముందుకు వచ్చి నిలబడ్డాను. ఆయన కుర్చీలో ఫోన్ చూస్తున్నాడు. మానస ట్యూషన్‌కు పోయింది.

"మిర్యాలగూడల కాగితం మీద సంతకం పెట్టేటప్పుడు నన్నెందుకు అడగలే?"

ఏ కాగితమో గుర్తు రావడానికి ఆయనకు ఒక్క నిమిషం పట్టింది. "గిప్పుడెందుకది?"

"తెల్సుకుందామని."

ఫోన్ పక్కన పెట్టాడు. "అడిగితే వద్దంటవని తెలుసు. ఇంకో పిల్ల కావాలని బస్సుల గూడ అంటివి. అమ్మేమో పత్తి కాడ మనిషి లేదనె, డాక్టరేమో తీసేస్తే ఖతం అనె. అందుకే అడగలే."

కోపం లేదు, తప్పు చేసినట్టూ లేదు. మోటార్ ఎందుకు కాలిందో గిరాకీకి చెప్పినట్టు చెప్పాడు. మళ్ళీ ఫోన్ తీసుకున్నాడు.

అంటే ఆయనకు తోచింది. నా జవాబు కూడా ఆయనకు తెలుసు. తెలిసే, ఆ జవాబు వినాల్సిన అవసరం రాకుండా చూసుకున్నాడు. నేను వంటింట్లోకి పోయి స్టవ్ ఆపేశాను. ఏడుపు రాలేదు. పదకొండేళ్ళుగా ఆయన తరఫున నేను చెప్పుకుంటూ వచ్చిన సాకు ఇక నేను మోయక్కరలేదని మాత్రం అనిపించింది.

తర్వాతి నెల కోదాడలో తల్లుల మీటింగ్ పెట్టింది రూతమ్మ మేడం. ఆపరేషన్ల గురించే. ముందురోజు నన్ను పిలిచి, "నీ సంగతి వాళ్ళకు చెప్తావా? పేరు లేకుండా నేను చెప్పినా సరే, అసలు వద్దన్నా సరే. నీ ఇష్టం" అంది.

"నేనే చెప్త మేడం. పేరుతోనే."

హాల్లో నలభై మంది దాకా ఉన్నారు. మూడో వరుసలో సుక్కి, ఆమె భుజానికి ఆనుకుని ప్రవళిక. నా పేరు వనిత, మాది తిరుమలగిరి అని మొదలుపెట్టాను. ఒంట్లో సెగలు, మత్తు దిగిన పొద్దు, సంతకం, ఎవరు పెట్టారో, ఎందుకు పెట్టారో, అంతా చెప్పాను.

వచ్చేముందు నగేష్‌ను అడగలేదు. అడిగితే వద్దంటాడని తెలుసు.