ఎర సంచులు

"నీకెలాగూ వాసన తెలీదు కదా" అన్న మాట మొదట పిల్లి దొడ్డికి కూర్చునే ఇసక పెట్టె శుభ్రం చేసే దగ్గర పుట్టింది. అక్కణ్ణుంచి అత్తగారి కమోడ్ కుర్చీకి పాకింది, ఫ్రిజ్ వెనక చచ్చిన ఎలుకకి పాకింది. ఏప్రిల్ వచ్చేసరికి షెడ్డులోని ఎర డబ్బాల దాకా వెళ్ళి అక్కడే స్థిరపడిపోయింది. ఇప్పుడు జూన్. ఆదివారం మధ్యాహ్నం చర్చి నుంచి వచ్చి, మంచి గౌను తీసి పాతది వేసుకుని, లోర్నా ఆ డబ్బాల ముందు కూర్చుంది. ఉప్పులో ఊరి కుళ్ళిన హెర్రింగ్ చేపల్ని గుప్పిళ్ళతో తీసి చిన్న చిన్న వల సంచుల్లో కుక్కడం, తాడు బిగించడం, పక్క డబ్బాలో పడెయ్యడం. తెల్లవారితే ఆమె భర్త ఎల్డన్ వీటిని పడవలో తీసుకెళ్ళి లాబ్‌స్టర్ బోనుల్లో కడతాడు. కంపు ఎంత ఎక్కువుంటే లాబ్‌స్టర్లకి అంత ఇష్టమట. మైన్ రాష్ట్రపు సముద్రతీరంలో ఈ మాట తెలియని పిల్లలుండరు.

జనవరిలో జబ్బు మొగుడూ పెళ్ళాలిద్దరికీ కలిసే వచ్చింది. వాసన, రుచి ఇద్దరికీ ఒక్కసారే పోయాయి. క్లినిక్‌కి ఫోన్ చేస్తే నర్సు, "ఫోన్ చేసేవాళ్ళలో సగానికి సగం మంది ఇదే చెప్తున్నారమ్మా. మామూలే. కొన్నాళ్ళకి అదే వస్తుంది" అంది. మామూలే అన్న సంగతి ఎల్డన్ విషయంలో మాత్రం ఆ ఇంట్లో చెల్లలేదు. అత్తగారు మ్యూరియెల్ కొడుకు గది గుమ్మంలో కుర్చీ వేసుకుని, "నా బిడ్డకి కాఫీ కూడా వేడినీళ్ళలా ఉందట" అని కళ్ళు తుడుచుకుంది. లోర్నా ఒంట్లో జ్వరంతోనే లేచి, అతని నాలుకకి ఏదైనా తగులుతుందేమోనని ఒకరోజు మిరియాలు దట్టించిన చేపల సూపు, ఒకరోజు ఆవాల ముద్ద రాసిన మాంసం చేసిపెట్టింది. రెండు వారాల్లో అతని ముక్కు అతనికి తిరిగొచ్చింది. లోర్నాది రాలేదు. ఆమె కాఫీ గురించి ఎవరూ అడగలేదు. శనివారం బీన్స్ వడ్డిస్తే మాత్రం మ్యూరియెల్ ఒక చెంచా నోట్లో పెట్టుకుని, "ముక్కు పోతే పోయింది అమ్మాయ్, చెయ్యి కూడా పోయిందా?" అనేది.

ఎర పని అంతకుముందు రోస్కోది. ఎల్డన్‌తో పడవ మీదికెళ్ళే మనిషి. ఆ పనికీ కలిపే అతనికి పడవ రాబడిలో వాటా ఉండేది. "వాడు కంపు కంపు అని ఒకటే గోల. నీకైతే లైలాక్ పూలు సర్దినట్టే కదా" అన్నాడు ఎల్డన్. వాటా సంగతి ఎత్తలేదు గానీ మోచేతుల దాకా వచ్చే రబ్బరు తొడుగులు కొనిచ్చాడు. నిజమే కదా, బాధ తెలియని మనిషి చేస్తే పోయేదేముంది అనుకుంది లోర్నా. కంపు తనకి తెలియకపోయినా తనకి అంటుకుంటుందని అప్పుడు తోచలేదు. బడి వంటగదిలో పిల్లలకి వడ్డించే ఉద్యోగం ఆమెది; పైఅధికారిణి ఆమెని గిన్నెలు కడిగే వైపు పంపేసింది. "ఏమనుకోకు లోర్నా, పిల్లలు ముక్కులు మూసుకుంటున్నారు." చర్చిలో ఆమె కూర్చున్న బల్ల మీద చోటు ఎప్పుడూ ఎక్కువే మిగిలేది. ఇంట్లోనేమో ఆ పని అంటగట్టిన మనిషే, "దేవుడా, ఏం కంపు! సోఫా మీద పడుకో పో" అన్నాడు. ఆ పూట నుంచి ఆమె పడక సోఫా మీదే. నిమ్మకాయతో తోముకునేది, వెనిగర్‌తో కడుక్కునేది. "పోయిందా?" అని అత్తగారిని అడిగేది. తన ఒళ్ళు శుభ్రంగా ఉందో లేదో ఇంకొకరు వాసన చూసి చెప్పాలి! యాభై రెండేళ్ళ బతుకులో ఆమె అంత సిగ్గు ఎన్నడూ పడలేదు.

ఆ ఆదివారం, సంచులు సగం నిండాయో లేదో, లోర్నా ముక్కుకి ఏదో ఘాటుగా తగిలింది. ఏమిటా అని తలెత్తింది. మళ్ళీ వంగితే మళ్ళీ తగిలింది. కంపు! కళ్ళల్లో నీళ్ళు తెప్పించే అసలు సిసలు కుళ్ళు చేపల కంపు. లోకంలో ఇన్ని వాసనలుండగా మొదట తిరిగొచ్చింది ఇదా అని నవ్వొచ్చింది, నవ్వుతూనే ఏడ్చింది. తొడుగులు లాగి పారేసి వంటింట్లోకి పరిగెత్తి కాఫీ డబ్బాలో ముక్కు పెట్టింది. సన్నగా, ఎక్కడో పక్కింట్లో కాస్తున్నట్టుగా, అదీ తెలిసింది.

ఎల్డన్ టీవీలో బేస్‌బాల్ చూస్తున్నాడు. పక్కన మ్యూరియెల్ కునుకుతోంది.

"ఎల్డన్, నాకు వాసన వచ్చేసింది!"

"ఆహా, మంచిది."

"మరి రేపట్నించి ఎర పని రోస్కోకి చెప్తావా?"

అతను తెర మీంచి కళ్ళు తిప్పలేదు. "ఇప్పుడు మళ్ళీ వాడెందుకు? నీకు అలవాటైపోయిందిగా."

మ్యూరియెల్ కళ్ళు తెరవకుండానే అంది, "వాసనకేం అమ్మాయ్, రెండ్రోజుల్లో అలవాటవుతుంది."

లోర్నా వెనక్కి తిరిగింది. ఇన్నాళ్ళూ తన ముక్కు పనిచెయ్యకపోవడం వల్లే ఆ పనులు తనకొచ్చాయని నమ్మింది. వాళ్ళకి కావలసింది ముక్కులేని మనిషి కాదు, నోరులేని మనిషి. ముక్కు ఒక వంక. ఇది పోతే ఇంకోటి దొరుకుతుంది. ఒళ్ళు మండింది. షెడ్డులోకి వెళ్ళి డబ్బాకి మూత బిగించి, తొడుగులు కడిగి మేకుకి తగిలించి, వచ్చి స్నానం చేసింది. సబ్బు వాసన తెలిసేదాకా చేసింది.

భోజనాలయ్యాక ఎల్డన్ షెడ్డులోంచి కేకేశాడు. "ఏమే, సంచులు సగమే ఉన్నాయేం?"

"తొడుగులు మేకుకి ఉన్నాయి చూడు."

"అవి నాకు పట్టవే!"

"చేతులున్నాయిగా."

తెల్లవారితే పడవ కదలాలి. రోస్కోకి ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఎల్డన్ గొణుక్కుంటూ, తిట్టుకుంటూ ఆ సంచులేవో తనే నింపి, చేతులు కడుక్కుని పడగ్గది గుమ్మంలోకి వచ్చాడు. లోర్నా మంచం మధ్యలో పడుకుని ఉంది. గాలి గట్టిగా పీల్చింది.

"కంపు కొడుతున్నావ్ ఎల్డన్. సోఫా మీద దుప్పటి వేశాను."

"ఆ గుంటల సోఫా మీద ఎవడికి నిద్ర పడుతుంది?"

"రెండ్రోజుల్లో అలవాటవుతుంది" అంది లోర్నా.