మూడో గడి

"ఆ నీలం పూల దుప్పట్లు ఎక్కడ పెట్టావ్?" అని మా ఆయన అడిగేసరికి నా చేతిలో ఎవరిదో మాడిపోయిన మూకుడు ఉంది. ఫోన్‌ని కుళాయి వెనక గోడకి ఆనించి, మాడు గీకుతూనే, "పడగ్గది అలమరలో, పై అరలో, ఎడమవైపు" అన్నాను. "చూశాను, లేవు." "స్వెటర్ల వెనకండీ." "వెనకెందుకు పెట్టావ్?" ముప్ఫైమంది పనిచేసే బ్రాంచికి మేనేజరు ఆయన. ఏ ఫైల్లో ఏ సంతకం తక్కువైందో కుర్చీలోంచి లేవకుండా చెప్తారట. ఇంట్లో మాత్రం ఎదురుగా ఉన్న వస్తువు కూడా నేను వేలు పెట్టి చూపిస్తే తప్ప ఆయన కంటికి ఆనదు. ఇప్పుడా వేలు విమానమెక్కి ఇంత దూరం వచ్చేసింది కాబట్టి ఫోన్లో చూపిస్తోంది.

"అంత మంచి దుప్పట్లు ఇప్పుడు దేనికండీ?"

"అక్క వస్తోంది, పిల్లల్ని తీసుకుని. సెలవులు కదా, నెలరోజులుంటారు. నీ టికెట్ పంపించాను, చూసుకోలేదా? పదిహేడో తారీఖు." ఆయన గొంతులో బహుమతి ఇచ్చిన మనిషి సంతోషం ఉంది.

నా సెమినార్ ఇరవై ఆరున. ఆ తేదీ ఆయనకి ఎన్నిసార్లు చెప్పానో నాకే లెక్క లేదు. కాలెండర్ మీద ఎర్ర పెన్నుతో చుట్టి మరీ వచ్చాను.

నేను కాలేజీలో మట్టి గురించి పాఠాలు చెప్తాను. పన్నెండేళ్ల సంసారం సందుల్లో, పొయ్యి మీద ఏదో ఉడుకుతుండగా చదువుకుని, ముప్ఫై ఎనిమిదేళ్లకి పరిశోధనలో ఇంతవరకు వచ్చాను. అందులో భాగంగా ఐదు నెలలు ఈ దేశంలో ఎక్స్చేంజ్ స్టూడెంట్‌ని. ఈ అవకాశం వచ్చిందని చెప్పిన రోజు మా అత్తయ్య, "మట్టి పిసుక్కోడానికి విమానం ఎక్కాలా? పెరట్లో లేదా?" అన్నారు. మావయ్య పేపరు తిప్పారు. మా ఆయన చాలాసేపు ఆలోచించి, "వెళ్లనీ అమ్మా. ఎలాగూ పిల్లల్లేరు కదా" అన్నారు. నాకు అనుమతి దొరికిన మాట అదే. దొరికినందుకు సంతోషించాలో, ఆ మాటకి ఏడవాలో తెలియక ఆ పూట వంట చేసి వడ్డించాను. ఆ తర్వాత రెండు నెలలు పొడులు కొట్టి, డబ్బాల మీద పేర్లు అంటించి, వంటమనిషిని వెతికి కుదిర్చి, ఏ వస్తువు ఏ అరలో ఉందో ఒక నోటుపుస్తకంలో రాసిపెట్టి వచ్చాను. ఆ నోటుపుస్తకం ఎక్కడ పెట్టావని వారానికోసారి అడుగుతారు.

ఇక్కడ మాత్రం నేను మారానా అంటే, అదీ లేదు. హాస్టల్లో ఆరుగురికి ఒకటే వంటగది. ఎవరు ఏ వారం శుభ్రం చేయాలో రాసిన కాగితం ఫ్రిజ్ తలుపు మీద ఉంటుంది. మిగతా అయిదుగురూ ఇరవై, ఇరవై రెండేళ్ల పిల్లలు. సింకులో గిన్నెలు కనిపిస్తే నా చేతులు ఊరుకోవు. మొదటి వారం పాపం చదువుకునే పిల్లలు కదా అని తోమాను. నేనేం చేస్తున్నట్టు ఇక్కడ, చదువుకోవడం లేదా? రెండో వారం చూడలేక తోమాను. తర్వాత అదొక పనని కూడా గుర్తులేకుండా తోమేస్తూ వచ్చాను. మొన్న కొత్తగా చేరిన పొడుగాటి అమ్మాయి చెత్త సంచి తెచ్చి, చాలా మర్యాదగా నా చేతికిచ్చి, "మీరు ఏయే రోజుల్లో వస్తారు?" అని అడిగింది. "ఇక్కడే ఉంటాను, రోజూ" అన్నాను. "పనికి రోజూ మనిషిని పెట్టారా, భలే హాస్టలు" అంది. నేనూ విద్యార్థినేనని చెప్పేసరికి ఆ పిల్ల మొహం ఎర్రబడింది, పదిసార్లు క్షమించమంది. తప్పు ఆ పిల్లది కాదు. నన్నెవరూ పనికి పెట్టలేదు, నా అంతట నేనే కుదిరాను. రెండు రోజులు నా మీద నాకే ఒళ్లు మండిపోయింది. అయినా ఆ పొద్దున్నే మళ్లీ మూకుడు పట్టుకున్నాను చూడండి, సిగ్గు లేకుండా.

నేను బాగుండేది ల్యాబులోనే. అక్కడ మట్టిని నూట అయిదు డిగ్రీల ఓవెన్లో పెడతాను, తీస్తాను, చల్లార్చి తూస్తాను, మళ్లీ పెడతాను. తడంతా పోయి బరువు తగ్గడం ఆగేవరకు అదే పని. రోజుకి పదహారు గిన్నెలు. విసుగు పుట్టాల్సిన పనే, కానీ ఆ గదిలో ఏది ఎక్కడుందని నన్ను ఎవరూ అడగరు. ఒకరోజు మా ప్రొఫెసరు నా పుస్తకం తిరగేసి, "మీ అంకెలు నమ్మదగ్గవి" అని వెళ్లిపోయారు. నేను బాత్రూంలోకి వెళ్లి తలుపేసుకుని కాసేపు నిలబడాల్సి వచ్చింది. నా వంటని తప్ప ఇంకోదాన్ని ఎవరైనా మెచ్చుకుని ఎన్నేళ్లయిందో.

"ఇరవై ఆరున నా సెమినార్ ఉందండీ. అది చెప్పకుండా వస్తే ఈ ఐదు నెలలూ లెక్కలోకి రావు" అన్నాను ఫోన్లో.

"ఎంతసేపు ఉంటుందది?"

"ఇరవై నిమిషాలు."

"ఇరవై నిమిషాల కబుర్లకి తొమ్మిది రోజులు కూర్చుంటావా? ఫోన్లో చెప్పేయ్. అక్కడివాళ్లని అడిగితే సర్దుబాటు చేస్తారు. అడిగే పద్ధతిలో అడగాలి."

అత్తయ్య ఫోన్ అందుకున్నారు. "అమ్మాయ్, వచ్చేది మీ వదిన. ఏడాదికోసారి పుట్టింటికి వస్తుంది. అది వచ్చేసరికి ఇంట్లో ఆడదిక్కు లేకపోతే ఏం బావుంటుంది చెప్పు?"

"మీరున్నారు కదా అత్తయ్యా. వంటమనిషి కూడా ఉంది."

"నా మోకాళ్లతో నాదీ ఒక ఉండటమేనా? దాని వంట ఆ పిల్లలు నోట పెడతారా? వాడేమో పొద్దున పోతే రాత్రికి గానీ రాడు, వాడి మొహం చూస్తే జాలేస్తోంది. నాలుగు నెలలు నీ సరదా తీరింది కదా తల్లీ."

వదిన మీద నాకు కోపం లేదు. పాపం ఆవిడా ఏడాదికోసారి తన వంటగదిలోంచి తప్పించుకోడానికే వస్తుంది. ఆవిడ తప్పించుకున్న వంట నా మెడకి చుట్టుకుంటుంది, అంతే. మా ఆయన మొహం చూస్తే జాలేయడమే నాకు అర్థం కాదు. పోయిన నెల నాకు మూడు రోజులు జ్వరం వస్తే నేనే లేచి గంజి కాచుకుని తాగి, మట్టి తూచి వచ్చాను. ఫోన్లో చెప్తే, "నీకేం, నీ ఒక్కదాని పనే కదా" అన్నారు అత్తయ్య.

కానీ పన్నెండేళ్ల అలవాటు ఊరికే పోదు. నేను లేకపోతే ఏదో కూలిపోతుందనే భయం నన్ను ఆ రోజంతా తిన్నగా కూర్చోనివ్వలేదు. సోమవారం తొమ్మిదింటికల్లా విదేశీ విద్యార్థుల ఆఫీసుకి వెళ్లి నిలబడ్డాను. సరైన కారణం చూపిస్తే సెమినార్‌ని వచ్చే ఏడాదికి వాయిదా వేస్తారట. నాకు వచ్చే ఏడాది ఎవరిస్తారు? అది తెలిసి కూడా వెళ్లాను. కళ్లద్దాలకి తాడు కట్టుకుని మెడలో వేసుకున్న ఒకావిడ ఫారం ఇచ్చింది. ముందుగా వెళ్లిపోవడానికి కారణం అన్న చోట మూడు గడులున్నాయి. విద్యార్థి అనారోగ్యం, ఒకటి. కుటుంబంలో మరణం, రెండు. మూడోది, తన పనులు తాను చేసుకోలేని కుటుంబ సభ్యుడి సంరక్షణ.

మొదటి రెండూ అబద్ధం. మూడోదాని మీద పెన్ను ఆగింది. వెటకారానికి కాదు, ఒట్టు. ఎంత ఆలోచించినా నాకది నిజమే అనిపించింది. టిక్కు పెట్టి ఇచ్చాను.

ఆవిడ కళ్లద్దాలు పెట్టుకుని చదివి, గొంతు తగ్గించింది. "ఎవరికండీ?"

"మా ఆయనకి."

"అయ్యో. ఏమేం చేసుకోలేరు?"

"వంట చేసుకోలేరు. బట్టలు ఉతుక్కోలేరు. తన మేజోళ్లు, తన మందులు ఎక్కడున్నాయో చెప్పలేరు. అన్నం ఎవరో ఒకరు వడ్డించాలి."

ఆవిడ తన కుర్చీ నా వైపు జరుపుకుంది. నిజంగా బాధపడుతోందని తెలుస్తూనే ఉంది. "ఎంతకాలం నుంచి?"

"నాకు తెలిసి పన్నెండేళ్లు. అంతకు ముందు వాళ్లమ్మగారు చూసుకునేవారు."

"అంటే పుట్టుకతో వచ్చిందా? మంచం మీదే ఉంటారా?"

"లేదండీ. ఆఫీసుకి వెళ్తారు. కారు నడుపుతారు. ఆదివారాలు షటిల్ ఆడతారు."

ఆవిడ పెన్ను పక్కన పెట్టింది. నవ్వుతుందేమో అనుకున్నాను, నవ్వలేదు. కాస్త అయోమయంగా నన్నూ ఫారాన్నీ మార్చి మార్చి చూసి, తన పని తాను చేసే మనిషిలా నెమ్మదిగా చెప్పింది. "దీనికి డాక్టర్ సర్టిఫికెట్ జత చేయాలి. ఆయన తన పనులు తాను చేసుకోలేరని డాక్టరు రాసివ్వాలి. అది లేకపోతే నేను ఈ గడి ఒప్పుకోలేను."

సిగ్గుతో నా చెవులు వేడెక్కాయి. ఈ పన్నెండేళ్లలో ఆయన పనులు నేనెందుకు చేయాలో కాగితం చూపించమని అడిగినవాళ్లు లేరు. మా అమ్మ అడగలేదు, అత్తయ్య అడగలేదు, నేనూ అడగలేదు. అడిగి ఉంటే ఏ డాక్టరు రాసిచ్చేవాడు? ఆ సిగ్గు కాస్తా కారిడార్‌లోకి వచ్చేసరికి కోపమైంది. అక్కడ కాఫీ యంత్రం పక్కన బెంచీ మీద కూర్చుని ఫోన్ చేశాను.

"ఏమైంది, ఒప్పుకున్నారా?" అన్నారు మా ఆయన.

"ఒక్క కాగితం తక్కువైందట. డాక్టర్ సర్టిఫికెట్."

"అంతేనా? దానికింత దిగులా? మనవాడే ఉన్నాడుగా డాక్టరు, గంటలో రాయించి పంపిస్తాను. అమ్మ మోకాళ్ల గురించేగా?"

"కాదండీ, అత్తయ్యకి కాదు. మీకు."

"నాకా? నాకేం జబ్బు?"

"రాసుకోండి, నిదానంగా చెప్తాను. నలభై నాలుగేళ్ల ఈ మనిషి తన అన్నం తాను వండుకోలేడు, తన బట్టలు తాను ఉతుక్కోలేడు, ఇంకో మనిషి చేసిపెట్టకపోతే ఇతనికి పూట గడవదు అని రాయించి, కింద డాక్టర్ సంతకం, ముద్ర వేయించి పంపండి. అది నా చేతికి అందిన రోజున బయల్దేరతాను."