ఎవరి చేతికి ఈ గాజులు?

బోధన్ బజారులో గాజుల కొట్టు నడిపే శంకరమ్మ మనుషుల పేర్లు మరిచిపోతుందేమో గానీ చేతి కొలత మరిచిపోదు. ఎవరు కొట్టు మెట్టెక్కినా ముందు మణికట్టు చూస్తుంది, తర్వాతే ముఖం.

ఆ ఏడాది టీవీలో ఒక సీరియల్ మొదలైంది. తన వైపు కన్నెత్తి చూడని అమ్మాయి కోసం ఒకడు రోజూ గాజులు కొని గోడ నిండా వేలాడదీస్తాడు. ఆమె ఎటు పోతే అటు పోతాడు. ఆ సీరియల్‌ను ఆపాలని నిజామాబాద్‌లో ఆడవాళ్ల సంఘాలు ధర్నాకు కూర్చున్నాయి. చాయ్ హోటళ్ల దగ్గర మగపిల్లలేమో "ప్రేమంటే గది రా" అన్నారు. గొడవలో ఉన్న సరుకు తొందరగా పోతుందని శంకరమ్మ లెక్కేసింది. ఆ సీరియల్ గాజులే తెప్పించి, కొట్టులో పనిచేసే అఖిల చేతులకు తొడిగి ముందు కూర్చోబెట్టింది. గాజులు పోయాయి. పోనిది రాజేందర్ ఒక్కడే.

రైస్ మిల్లులో గుమాస్తా అతను. రోజూ సాయంత్రం వచ్చి రెండు నాలుగు సైజు గాజులు డజను అడుగుతాడు. అది అఖిల చేతి సైజు. పదిరోజులు శంకరమ్మ మంచి గిరాకీ అనుకుంది. అతను బస్టాండు దాకా పిల్ల వెనకాలే నడుస్తున్నాడని చెప్పింది అఖిల తండ్రి లింబయ్య.

"రేపటి సంది పిల్ల రాదక్కా," అన్నాడు, తమ ఊరు రెంజల్ నుంచి వచ్చిన బస్సు దిగి నేరుగా కొట్టుకే వచ్చి. "ఊళ్లె నలుగురు నాలుగు తీర్ల అంటున్నరు."

"నేనేం జేసిన బాపూ? పని ఇడిస్తే నా డిగ్రీ ఎట్ల సాగుతది?" అంది అఖిల.

తప్పు చేసినవాడు బజారులో తిరగడం, చెయ్యని పిల్ల ఇంట్లో కూర్చోవడం. ఈ లెక్క ఎటునుంచి కూడినా శంకరమ్మకు కుదరలేదు. పైగా ఆ పిల్లను సరుకు పక్కన సరుకులా కూర్చోబెట్టింది తనే.

"లింబయ్యా, సాయంత్రం దాకా కూసో. గంతే."

పెళ్లిళ్ల రోజులు కావడంతో సాయంత్రానికి కొట్టు నిండా ఆడవాళ్లే. రాజేందర్ రానే వచ్చాడు.

"రెండు నాలుగు, డజను."

"ఎవరి చేతికి కొడుకా?" అంది శంకరమ్మ.

అతను సీరియల్ హీరోలా నవ్వాడు. "చెయ్యి దొరికినంక చెప్త."

"మా తాన గట్ల నడవది. చెయ్యన్న రావాలె, కొలతకు ఆది గాజన్న తేవాలె. ఇన్నొద్దులు అడగకుంట ఇచ్చుడు నా తప్పు. సరే గని, మీ అవ్వ సాయవ్వ చేతి సైజెంత?"

రాజేందర్ తల గోక్కుంటే శంకరమ్మే చెప్పింది.

"రెండు పది. బీడీలు జేసి జేసి కీళ్లు ఉబ్బినయి. పోయిన పండుగకు సబ్బు నురుగు రాసి తొడిగిన. నిన్ను కని సాదిన చెయ్యి ఎంతున్నదో ఎరుక లేదు. నీ దిక్కు సూడని పిల్లది మాత్రం నోటికొచ్చు!"

ఆడవాళ్లు ఘొల్లున నవ్వారు. "వీనికే తొడుగు గాజులు!" అని అరిచింది ఒకామె.

"ఎందుకమ్మా? గాజులు శిక్షనా? పని జేసే చేతులకు తొడిగేటియి," అంది శంకరమ్మ.

అఖిల లేచి రాజేందర్ ముందు నిలబడింది.

"నువ్వు నా ఎనుక వచ్చిన తారీఖులన్ని రాసిపెట్టిన. ఇంకొక్కటి పెరిగితే స్టేషన్ల ఇస్త."

"సాక్షి నేను," అంది శంకరమ్మ.

"టీవీల సుత గిట్లనే..." రాజేందర్ నసిగాడు.

"గా టీవీ పిల్లకు మాటలు రాయలె. నాకు నోరున్నది," అంది అఖిల.

అతను గాజులు లేకుండానే మెట్టు దిగిపోయాడు.

"మల్ల వస్తేనో?" అన్నాడు లింబయ్య.

"వచ్చేటోన్ని ఆపుదాం. పనికొచ్చే పిల్లను ఆపుడెందుకు?" అంది శంకరమ్మ.

లింబయ్య కండువా దులిపి భుజాన వేసుకున్నాడు.

"ఇయ్యాల ఇంటికి తోడు వస్త. రేపు నాకు పసుపు ఉడకబెట్టే పనున్నది బిడ్డా. కొట్టుకు నువ్వొక్కదానివే రావాలె."

అఖిల తల ఊపి, ఎదురుగా కూర్చున్న పెళ్లికూతురి చెయ్యి అందుకుంది.