రెండు బటన్లు

చొక్కా జేబులో ఫోన్ మోగితే తీయడానికి మూడో చెయ్యి లేకపోవడం మనిషి తయారీలోనే లోపమని, ప్రెస్సులో కాగితాలు కోసే మిషన్ ముందు నిలబడి, దాన్ని నడిపే కట్టర్ గొణుక్కున్నాడు.

ఆ పాత మిషన్‌కి మూరెడు ఎడంగా రెండు బటన్లు. రెండూ ఒకేసారి నొక్కితేనే కత్తి దిగుతుంది. మళ్లీ పైకి లేచేదాకా వదలకూడదు. చేతులు రెండూ అక్కడుంటే కత్తి కింద ఉండవు కదా! పాతికేళ్లుగా అతని చేతులు జంటగానే కదులుతున్నాయి. ఇంట్లో కుడిచేత్తో తలుపు తోస్తే ఎడమచెయ్యి కూడా వెళ్లి గోడను నొక్కేది.

"మన కాపురానికి ఆ బటన్ల పాటి పొత్తు లేదు" అనేది భార్య. ఆవిడకు ఉక్కపోస్తే ఇతనికి చలి. ఆవిడ అలక తీరేసరికి ఇతనిది మొదలయ్యేది.

ఇవాళ ఆవిడ ఆసుపత్రిలో ఉంది.

"గొంతులోకి గొట్టం వేస్తారట. వేశాక అమ్మకు మాట రాదు. ముందే ఫోన్ చేయిస్తా, మోగగానే ఎత్తు నాన్నా" అంది కూతురు పొద్దున్నే.

బడి పుస్తకాలు సాయంత్రానికల్లా వెళ్లాలని ఓనరు సెలవివ్వలేదు. బదులుగా ఎడమ బటన్ నొక్కి, సందులో అగ్గిపుల్ల దోపాడు.

"ఇక కుడిచెయ్యి చాలు. ఎడంచేత్తో హాయిగా మాట్లాడుకో. నాలాంటి ఓనరు దొరుకుతాడా నీకు?"

కత్తి దొంతరలో సగానికి దిగింది. ఫోన్ మోగింది.

"అన్నా, ఫోను! ఎత్తవేం?" అని పక్కన పుస్తకాలు కుట్టే బైండింగ్ ఆవిడ కేకేసింది.

"ఉండమ్మా, కత్తి దిగుతోంది."

నుదుటి మీద చెమట కళ్లలోకి కారుతోంది. గుండె మీద ఫోన్ అదురుతోంది. మోగి మోగి ఆగింది. కత్తి పైకి లేచింది. అప్పుడు చూసుకున్నాడు, తన ఎడమచెయ్యి ఎక్కడుందో. అగ్గిపుల్ల దోపిన బటన్ మీదే, బలంగా నొక్కుతూ.

తిరిగి చేశాడు.

"గొట్టం వేసేశారు నాన్నా."

"ఏమంది?"

"'ఎత్తడే! ఈయనకీ నాకూ ఒకేసారి ఏం కుదిరింది గనక' అని నవ్వింది."

అతను ఆసుపత్రికి చేరేసరికి ఆవిడ ఇక లేదు.

తర్వాత బైండింగ్ ఆవిడ పలకరించడానికి వెళితే ఒక్కటే అడిగాడు.

"ఎడంచెయ్యి ఖాళీయే కదమ్మా? మరెందుకు ఎత్తలేదు నేను?"

ఆవిడ వచ్చి ఆ మాటే ప్రెస్సులో మా అందరినీ అడిగింది. మాకూ ఏమీ తోచడం లేదు. అతనికేం చెప్పాలో మీలో ఎవరికైనా తడితే, మీకు పుణ్యముంటుంది, కాస్త చెప్పండి. మిషన్‌ను ఇంకా ఎవరూ ముట్టుకోలేదు. ఎడమ బటన్ లోపలికి నొక్కుకునే ఉంది, సందులో అగ్గిపుల్లతో.