నీళ్ళు గుర్తుపట్టిన గొంతు

వెర్నా తమ్ముడు ఎండిపోయిన వాగులో మునిగి చనిపోయాడు.

ఆ వాగులో అప్పటికి రెండేళ్ళుగా చుక్క నీరు లేదు. ఇసుకలో బోర్లా పడి ఉన్నవాణ్ణి వెల్లకిలా తిప్పితే నోట్లోంచి, ముక్కులోంచి చల్లటి నీళ్ళు కారాయి. బురద వాసన. పట్నం నుంచి విమానంలో వచ్చిన డాక్టరు ఊపిరితిత్తుల నిండా నీళ్ళున్నాయని తేల్చి, "ఇంకెక్కడో మునిగుంటాడు, ఎవరో తెచ్చి ఇక్కడ పడేశారు" అన్నాడు. ఏ దిక్కుకు పోయినా పొద్దంతా ప్రయాణం చేస్తే తప్ప మనిషి మునిగేంత నీళ్ళు దొరకవని ఆయనకు తప్ప అందరికీ తెలుసు. వెర్నా తల్లి కూడా అలాగే పోయింది, ఎర్రటి ఎండలో, బట్టలారేసుకునే తీగ కింద. వాళ్ళకంటే ముందు తాత.

అంతా ఆ తాతతోనే మొదలైంది. పోయినవాళ్ళ పేరు ఆ ఎడారి ఆదివాసుల్లో ఎవరూ ఎత్తరు కాబట్టి ఆయన్ని అందరూ 'గుంట ముసలాయన' అనే అంటారు. కొండ వెనక నీటిగుంటకు కాపలా ఆయన వంశానిది. నేల ఇంకా మెత్తగా ఉన్న ఆదికాలంలో ఒక పాము పాకుతూ వచ్చి, వాగులన్నీ చేసి, అలిసిపోయి ఆ గుంట అడుగున పడుకుంది. కొత్తవాళ్ళెవరైనా వస్తే ముసలాయన తన చంక చెమట వాళ్ళ నుదుటికి రాసి, నీళ్ళలో రాయి వేసి, "మనవాళ్ళే, ఏమీ చెయ్యకు" అని తమ భాషలో కేకేసేవాడు. ఆ గొంతు వింటే పాము శాంతించేది.

ఒక కరువు ఏడాది, పశువుల మందలున్న తెల్లదొర వచ్చి గుంట అడుగున మందుగుండు పెట్టి పేలిస్తే ఊట పెరుగుతుందన్నాడు. ఊట ఉన్న చోటు చూపించకపోతే అందరినీ ఆ నేల మీది నుంచి తరిమేస్తానన్నాడు. ముసలాయన చూపించాడు. చూపించే ముందు గట్టున కూర్చుని పాట పాడాడు, పాము కదలకుండా పడుకోవాలని. అది ఆయన గొంతును నమ్మి పడుకుంది. పేలాక కొన్నాళ్ళు నీళ్ళు ఎర్రగా ఊరి, తర్వాత అవీ ఆగిపోయాయి. పాము చచ్చిందో లేదో చూసినవాళ్ళు లేరు. ముసలాయన మళ్ళీ పాడలేదు, ఎవరికీ నేర్పలేదు. ఆ మరుసటి వేసవిలో తన గుడిసెలో, పొడి మన్ను మీద, మునిగిపోయాడు.

ఇదంతా వెర్నాకు పెద్దయ్యాక తెలిసిన సంగతి. ఆదివాసీ పిల్లల్ని తెల్లవాళ్ళలా పెంచాలని నాలుగేళ్ళప్పుడే సర్కారువాళ్ళు ఆమెను తల్లి ఒళ్ళోంచి లాక్కుని, జీపులో ఎక్కించుకుని, దూరాన ఉన్న మిషను హాస్టల్లో పడేశారు. అక్కడ సొంత భాషలో నోరు తెరిస్తే బెత్తం దెబ్బలు. ముప్పై దాటాక, చంకలో కూతురు జోలీన్‌తో తిరిగొచ్చేసరికి ఆమెకు ఇంగ్లీషు తప్ప ఏమీ మిగల్లేదు.

తల్లీ తమ్ముడూ అప్పటికే పోయారు. ఆమెను చేరదీసింది ఐవీ పెద్దమ్మ. వెర్నా తల్లికి ఆమె పెద్దమ్మ కూతురు. ఆమెలో గుంట ముసలాయన రక్తం లేదు గానీ ఆ భాషను పూర్తిగా మాట్లాడగలిగేది ఇక ఆమె ఒక్కతే.

"నువ్వు మన భాష మాట్లాడకే తల్లీ, కాకులు కూడా నవ్వుతాయి" అని వెర్నాను ఏడిపించేది. జోలీన్ మాత్రం పాలు తాగినట్టు ఆ భాష తాగింది. పెద్దయి, ఆ నేలనూ జంతువులనూ కాపాడే రేంజరు ఉద్యోగంలో చేరి, చెట్టుకూ బల్లికీ రాతికీ పాత పేర్లు అడిగి తెలుసుకునేది. తనకు పాప పుట్టాక దాని చెవిలో ఆ భాషలోనే కబుర్లు చెప్పేది. పాప పేరు లెటీ.

ఒకరోజు పొద్దున్నే ఐవీ నిప్పుల మీద రొట్టె కాలుస్తోంది. జోలీన్ ఒళ్ళు విరుచుకుంటూ బయటికొచ్చింది. జుట్టులోంచి నీళ్ళు కారుతున్నాయి.

"ట్యాంకు దగ్గర జనం బిందెడు నీళ్ళకి కొట్టుకు చస్తుంటే నువ్వు తలంటుకున్నావా మహారాణీ?" అంది వెర్నా.

"నేనెక్కడ పోసుకున్నానమ్మా! లేచేసరికి ఇట్లాగే ఉంది. దిండు కూడా తడిసిపోయింది."

"చెమటేమోలే."

"చెమటకి ఇంత కంపు ఉంటుందా? చూడు."

ఐవీ లేచి వచ్చి ఆ జుట్టు పిడికిట పట్టుకుని వాసన చూసింది. చూసి, జుట్టు వదల్లేదు. రొట్టె మాడిపోయినా వదల్లేదు.

ఆ వారమంతా జోలీన్ ఏది తాగినా ఉమ్మేసింది. టీ నోట్లో పెట్టుకుంటే బురద, పాలు పెట్టుకుంటే బురద. క్లినిక్‌లో నర్సు మాత్రలిచ్చి పంపింది. ఒక మధ్యాహ్నం జోలీన్ దగ్గుతూ దగ్గుతూ అరచేతిలోకి నీళ్ళు కక్కింది. ఆ నీళ్ళలో గోరంత నత్త. బతికే ఉంది, కొమ్ములు కదుపుతోంది.

"పెద్దమ్మా, ఏదో ఒకటి చెయ్యి" అంది వెర్నా. "పాటేదో ఉందంటారు కదా. నీకు తెలీదా?"

"సగం తెలుసు. చిన్నప్పుడు దూరాన్నుంచి విన్నాను. మిగతాది మగవాళ్ళ పాటే, ఆడవాళ్ళ చెవిన పడనిచ్చేవాళ్ళు కాదు. తెలిసినవాడు ఆ గుంట ముసలాడొక్కడే, వాడితోనే పోయింది."

"ఆ సగమే పాడు. నేను కూడా వస్తాను. ఆ పాముకి మనిషే కావాలంటే నన్ను తీసుకోమంటాను."

"అడిగితే ఇచ్చేదైతే మీ అమ్మ నీ తమ్ముడి కోసం అడగలేదనుకున్నావా?" అంది ఐవీ. అన్నదే గానీ కర్ర అందుకుని టయోటా బండి వైపు నడిచింది. లెటీని పక్కింటివాళ్ళకి అప్పగించి ముగ్గురూ బయల్దేరారు.

గుంట ఎండి పెంకులు పెంకులుగా పగిలి ఉంది. గట్టు మీద తెల్ల బెరడున్న మానుల నీడలో జోలీన్‌ను కూర్చోబెట్టారు. ఐవీ కర్రతో నేల మీద తాళం వేస్తూ పాడింది. ముసలి గొంతు వణికింది గానీ తప్పలేదు. కాకులు అరవడం మానేశాయి. వెర్నాకు ఆశ పుట్టింది. అంతలో పాట ఆగిపోయింది.

"ఇంతే. ఇక్కడి నుంచి నాకు రాదు" అంది ఐవీ. కళ్ళు తుడుచుకోలేదు.

వెర్నా గుంటలోకి దిగింది. నడిమధ్యన మోకాళ్ళ మీద కూలబడి, చంకలోని చెమట అరచేత్తో తీసి ఆ పెంకులకు పులిమింది. ఇంగ్లీషులో అరిచింది, ఆమెకున్నది ఆ భాషే. "నేను! నేనున్నాను! నేనూ ఆయన మనవరాలినే, నన్ను తీసుకో! అది బిడ్డతల్లి, దాన్ని వదిలెయ్!" నేల ఉలకలేదు. రాయి తీసి విసిరింది. పిడికిళ్ళతో గుద్దింది, వేళ్ళ కణుపులు చిట్లాయి. వాళ్ళ దేవుణ్ణి ఎలా పిలవాలో ఆమెకు హాస్టల్లో నేర్పారు. దీన్ని ఎలా పిలవాలో నేర్పాల్సినవాళ్ళ దగ్గర్నుంచి ఎత్తుకుపోయారు.

గట్టు మీద జోలీన్‌కి అది చూడడం చేతకాలేదు. మాను పట్టుకుని లేచి నిలబడి, తనకొచ్చిన భాషలో, చక్కగా, మెత్తగా చెప్పింది. "ఈమె మా అమ్మ. మన మనిషే. ఏమీ చెయ్యకు."

"నోరు ముయ్యవే!" అని ఐవీ గావుకేక పెట్టింది. అప్పటికే ఆలస్యమైపోయింది.

గుంట అవతలి అంచున ఒక పెంకు తడిసి నల్లబడింది. దాని పక్కది. ఆ పక్కది. మనిషి నడుమంత వెడల్పున తడి చార ఒకటి వంకర్లు తిరుగుతూ వెర్నా వైపు వచ్చింది. మోకాళ్ళ కింద ఏదో బరువైనది కదిలిపోతున్న చలి ఆమె ఎముకల్లోకి ఎక్కింది. "రా" అంది వెర్నా, రెండు చేతులూ చాచి. అది ఆమె దగ్గర ఆగలేదు. రాయిని చుట్టుకుపోయే వాగులా ఆమెను దాటి గట్టు ఎక్కింది.

వెర్నా పరిగెత్తి వెళ్ళేసరికి జోలీన్ మాను మొదట్లో పడి ఉంది. "అమ్మా, చల్లగా ఉందే" అంది. ఆ తర్వాత నోట్లోంచి మాటకు బదులు నీళ్ళే వచ్చాయి. వెర్నా ఆమెను పక్కకు తిప్పి వీపు మీద చరిచింది, రొమ్ము నొక్కింది, నోట్లో నోరు పెట్టి ఊపిరి ఊదింది. ఊదిన ఊపిరి బుడగలై తిరిగొచ్చింది. కూతురి కళ్ళు తల్లినే చూస్తూ, నీటి అడుగున ఉన్నవాటిలా మసకబారాయి. కారిన నీళ్ళను ఇసుక ఎప్పటికప్పుడు తాగేసింది. అంతా అయ్యాక చుట్టూ పొడి నేలే ఉంది.

అంత్యక్రియలయ్యాక ఆచారం ప్రకారం ఆకులు కాల్చి ఇంటికి పొగ పెట్టారు. ఆ రోజు నుంచి పోయిన పిల్ల పేరు ఎవరూ పలకలేదు. తల్లి కూడా పలకలేదు. పలకాలనిపించినప్పుడు దిండు కొరుక్కునేది.

చాలా రోజులకు ఐవీ నోరు విప్పింది. "ఆ పూట గుంట దగ్గరే నాకు తట్టింది. నీ అరుపు ఆ పాముకి గాలి చప్పుడే. నీ నోట్లో ఆ ముసలాడి భాష లేదు. మీ అమ్మ మాట్లాడేది, ఆమె దగ్గరే పెరిగిన నీ తమ్ముడు మాట్లాడేవాడు. ఆ రక్తంలోంచి ఆ భాష వినపడితే దానికి వాడే వినపడతాడు. మళ్ళీ మోసం చెయ్యడానికి వచ్చాడనుకుంటుంది."

"అయితే నాకు నేర్పు" అంది వెర్నా.

"ఎందుకు? నువ్వూ పోతే ఈ పసిదాన్ని ఎవరు చూస్తారు? నేనా? నాకెన్నాళ్ళున్నాయని?"

లెటీ నేల మీద కూర్చుని, రొట్టె ముక్కను చూపించి, వాళ్ళమ్మ నేర్పిన మాట ఒకటి అంది. ఇద్దరు ఆడవాళ్ళూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఐవీ వంగి, పాప పెదవుల మీద వేలు పెట్టి, "బ్రెడ్" అంది. "బ్రెడ్ అనమ్మా."

ఐవీ నోట ఆ భాష వినపడడం ఆ పూటతోనే ఆగిపోయింది. ముగ్గురూ సముద్రం ఒడ్డున ఉన్న పట్నానికి వెళ్ళి ఒక చిన్న అద్దె ఇంట్లో ఉన్నారు. ఐవీకి ఇంగ్లీషు వంట చెయ్యడానికి, తిట్టడానికి సరిపోయేంతే వచ్చు. జోకులకీ జోలపాటలకీ చాలదు. అందుకని ఆమె నవ్వడం తగ్గించింది, పాడడం మానేసింది. కిటికీ దగ్గర కూర్చుని కొంగల్ని చూస్తూ ఉండేది, వాటి పేరు నాలుక చివర వరకూ వచ్చినా మింగేసేది. లెటీ బడికెళ్ళింది. తెల్లారి లేస్తే వెర్నా మొదట చేసే పని ఆ పిల్ల జుట్టు తడిమి చూడడం. పొడిగానే ఉండేది.

ఐవీకి జబ్బు చేసి ఆసుపత్రిలో పెట్టారు. ఒక సాయంత్రం జ్వరం తలకెక్కింది. అన్నేళ్ళు మింగినదంతా ఒక్కసారిగా బయటికొచ్చింది. ఆమె మాట్లాడుతోంది, నవ్వుతోంది, ఎవరినో కసురుకుంటోంది, అంతా ఆ భాషలోనే. గొంతు పడుచుపిల్ల గొంతులా ఉంది. వెర్నాకు ఒక్క ముక్కా అర్థం కాలేదు గానీ తన తల్లి ఒళ్ళో పడుకున్నప్పటి వేడి మాత్రం ఒంటికి తగిలినట్టయింది. అలాగే వింటూ ఉండిపోదామనిపించింది.

"ముసలమ్మ ఏమంటోంది అమ్మమ్మా?" అంది లెటీ. మంచానికి ఆనుకుని, ఆ మాటలు పట్టుకోవాలని పెదవులు కదుపుతోంది.

వెర్నా ఆ పిల్లను చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చి తలుపు మూసింది. వరండా చివర టీవీ దగ్గర కూర్చోబెట్టి శబ్దం పెంచింది. తలుపు వెనక ఆ గొంతు ఇంకా వినపడుతున్నట్టే ఉంటే ఇంకా పెంచింది. పక్కన కూర్చున్నాయన విసుక్కున్నా తగ్గించలేదు.

కాసేపటికి నర్సు వచ్చి వెర్నా భుజం మీద చెయ్యి వేసింది. "వెళ్ళిపోయారమ్మా. బాధేమీ పడలేదు. చివర్లో ఒకే మాట, మళ్ళీ మళ్ళీ అన్నారు. మీ పేరేమో, ఎవర్నైనా పిలిచారేమో. నాకు గుర్తుంది, చెప్తాను" అని, ఆ మాట పలకబోయింది.

వెర్నా లెటీ చెవులు రెండూ మూసింది. "వద్దు" అంది. "చెప్పకండి."