ఇగ ఎత్తం

సింధు తల వ్యాన్ మెట్టు అంచుకు కొట్టుకున్న చప్పుడు పెద్దదేం కాదు. కొబ్బరిచిప్ప గచ్చు మీద పడ్డట్టు, అంతే. కానీ ఆ తర్వాత ఎప్పుడు డోరు తెరిచినా నాకు అదే వినపడేది.

కోదాడలో ఆ పొద్దున వాన. సారమ్మ పదకొండేళ్ల కూతురు సింధుని చంకనేసుకొని రెండో మెట్టు మీద కాలు పెట్టింది. జారింది. ఆ వ్యాన్ డ్రైవర్ ప్రభుదాస్‌ని నేనే. స్టీరింగ్ ముందు కూర్చొనే ఉన్నాను. మూడో రోజు దవాఖానలో సింధు చనిపోయింది.

అసలు నా బండిలో వెళ్లే నడవలేని పిల్లలు మెట్లు ఎక్కాల్సిన పనే లేదు. చక్రాల కుర్చీ నేరుగా లోపలికి వెళ్లేలా వెనక ఇనుప ర్యాంపుతో వచ్చిన బండి అది. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడలకు సర్కారు ఒక్కొక్కటి ఇచ్చింది, పిల్లల్ని ఫిజియోథెరపీకి తీసుకెళ్లడానికి. నడిపే కాంట్రాక్టు దామోదర్‌ది. అతను మూడింటి ర్యాంపులూ పీకించి, ఆ జాగాలో సీట్లు బిగించి, ఆదివారాలు పెళ్లి కిరాయిలకు తిప్పాడు.

సమాధి మట్టి ఆరకముందే తల్లులంతా అతని ఆఫీసుకు వెళ్లారు. నేను వెనకాల నిలబడ్డాను.

"ర్యాంపు ఎందుకు పీకినవ్ సార్?" కవిత అడిగింది. ఆమె కొడుకు వంశీకి తొమ్మిదేళ్లు, నడుము కింద చలనం లేదు.

దామోదర్ కాగితం తీసి చదివాడు. "'తల్లులే ఎత్తుకొని ఎక్కిస్తున్నారు. ర్యాంపు వాడకం లేదు.' తనిఖీకొచ్చిన సార్ రాసిండు. కింద సంతకాలు మీయే. మీరు వాడందాన్ని నేనెందుకు మొయ్యాలె?"

అది నిజం. ర్యాంపు దించి, కుర్చీకి బెల్టులు బిగించాలంటే ఒక్కో పిల్లకు పది నిమిషాలు. నేను విసుక్కునేవాణ్ణి. "పాపం, అన్నకెందుకు తిప్పలు" అని వాళ్లే పిల్లల్ని ఎత్తుకొని ఎక్కేవాళ్లు. నేను బీడీ ముట్టించుకునేవాణ్ణి. వాళ్ల మర్యాదే వాళ్ల మీద సాక్ష్యమై కూర్చుంది.

బయటికి రాగానే గొడవ.

"సంతకం ఎవరు పెట్టమన్నరే?"

"నువ్ పెట్టలేదా, పెద్ద చెప్పొచ్చినవ్!"

"అరవకుండ్రి," అంది ఇంకో తల్లి వసంత. "ఉన్న బండి గూడ బందైతే పిల్లల కాళ్లు బిగుసుకపోతయ్. ఏం చేద్దాం చెప్పుండ్రి."

సారమ్మ తన రెండు చేతుల వంకే చూసుకుంటోంది.

"పిల్ల పొయ్యింది గానీ బరువు దిగలే," అంది మెల్లగా. "కూసున్నా, నిలబడ్డా గీడనే ఉన్నది. ఎత్తకుండ్రి. ఇగ ఎవ్వరూ ఎత్తకుండ్రి."

సోమవారం పొద్దున నేను వ్యాన్ ఆపేసరికి దారికి అడ్డంగా ఎనిమిది కుర్చీలున్నాయి. పిల్లలు కుర్చీల్లో, వాళ్ల వెనక తల్లులు చేతులు కట్టుకొని. నేను బండి దిగి, తాళంచెవి సారమ్మకిచ్చి వాళ్ల పక్కన నిలబడ్డాను. ఆటోలు ఆగిపోయాయి. దామోదర్ కారు దిగి నేరుగా నా దగ్గరికే వచ్చాడు.

"నీకేం రోగమొచ్చిందిరా? నీ పిల్లలు మంచిగనే ఉరుకుతున్నరు గదా!"

"అవును సార్. అందుకే ఇన్నొద్దులు నాకు కనపడలే."

అతను ఫోన్ చేశాడు. పోలీసులొచ్చారు.

"రోడ్డు ఖాళీ చేస్తరా, స్టేషన్‌కు నడుస్తరా?" అన్నాడు ఎస్సై.

"స్టేషన్‌కే పదుండ్రి," అంది కవిత. "పిల్లల్ని కుర్చీలతోనే ఎక్కించుండ్రి. మేమైతే ఎత్తం."

ఎస్సై తన బండి వైపు చూశాడు. దానికీ మెట్లే. ఆటోవాళ్లలో ఎవరో అరిచారు. "సారూ, మీ ర్యాంపు గూడ పెళ్లికి పొయ్యిందా?"

నవ్వులు లేచాయి. మొహం మాడిన కానిస్టేబుల్ వచ్చి వంశీ చంకల కింద చేతులు పెట్టబోయాడు.

"ముట్టకు," అన్నాడు వంశీ. "సింధక్క లెక్క పడేస్తవ్."

కానిస్టేబుల్ చేతులు గాలిలోనే ఉండిపోయాయి. కాసేపటికి వాటిని వెనక్కి తీసుకొని దూరంగా వెళ్లి నిలబడ్డాడు.

చివరికి కుర్చీలో పిల్లలు లేనివాళ్లనే పట్టుకెళ్లారు. సారమ్మని, నన్ను. కుర్చీలు కదల్లేదు. ఆటోవాళ్లు తీసిన వీడియో మేం స్టేషన్ చేరకముందే ఊళ్లు దాటింది. మధ్యాహ్నానికి మిర్యాలగూడ నుంచి స్టేషన్‌కు ఫోన్ వచ్చింది. గంట తిరక్కుండా సూర్యాపేట నుంచి ఇంకోటి. అక్కడా వ్యాన్ల ముందు కుర్చీలు. అక్కడా తల్లులు చేతులు కట్టుకున్నారట.

ఎస్సై ఫోన్ పెట్టేసి, కుర్చీ లాక్కొని సారమ్మ ఎదురుగా కూర్చున్నాడు. గొంతు తగ్గించాడు.

"జర నువ్వన్న చెప్పమ్మా. ఈ ఒక్కరోజుకు ఎత్తుకొమ్మను. నువ్వు చెప్తే వింటరు."

"వింటరు సార్," అంది సారమ్మ. "అందుకే చెప్ప."