కోయని పడుగు

నా నోరు చెడ్డదని గద్వాలలో నేత ఇండ్లవాళ్ళందరికీ తెలుసు. ఉంటే ఉండనీ. తప్పు కనపడితే మొహం మీదే అనేస్తాను. ఆ తర్వాత వాళ్ళు నాతో మాట్లాడకపోతే నాకొచ్చిన నష్టమేమీ లేదు. జన్మలో ఒక్కసారి మాత్రం నోటిదాకా వచ్చిన మాటను మింగాను. మా వదిన మణెమ్మ అడిగింది కాబట్టి మింగాను. ఇప్పుడు వదినా లేదు, అన్నా లేడు, ఈ మాట విని కుమిలిపోయేవాళ్ళెవరూ మిగల్లేదు. అందుకే చెబుతున్నాను.

రజాకార్ల గడబిడకు చాలా ఏండ్ల ముందటి సంగతి. మా అన్న సీతారాములు చీరలు నేసేవాడు. ఒళ్ళంతా నూలు, అంచులు మాత్రం పట్టు, అంచు పొడవునా గోపురాల వరుస. అన్నావదినలకు పిల్లలు లేరు. ఇంకో పెండ్లి చేసుకొమ్మని చుట్టాలు ఎంత పోరినా "నాకు మణెమ్మ చాలు" అని ఒక్క మాటతో తేల్చేశాడు. వదిన పక్కన కూచుని నూలు కండెలకు చుట్టి ఇయ్యకపోతే ఆయనకు మగ్గం మీద చెయ్యి ఆడేది కాదు. ఆమె పుట్టింటికి పోయిన రోజుల్లో మగ్గం గుంటలో ఊరికే కూచుని బీడీలు కాల్చేవాడు. నేను నవ్వితే కసురుకునేవాడు.

మా ఇండ్లలో ఒక పట్టింపు ఉండేది. పడుగంటే చీర పొడవునా సాగే నిలువు పోగులు. ఒకసారి మగ్గం మీదికెక్కిన పడుగును నేత ముగియకుండా కోయకూడదు. నడుమ కత్తెర పెడితే ఆ ఇంటి ఇల్లాలికి కీడని, తనైనా పోతుందని, తాళైనా తెగుతుందని పెద్దలు చెప్పేవాళ్ళు. నా బతుకు బండలైంది దాని వల్లనే. వనపర్తిలో నా అత్తగారింట్లో ఒక వానకాలం పైకప్పు కారి పడుగంతా కుళ్ళిపోయింది. కంపు కొడుతోంటే ఎన్నాళ్ళు పెట్టుకుంటాం? నేనే కత్తెర తీసుకుని కోసి బయట పారేశాను. ఆ చలికాలమే వాంతులూ విరేచనాలూ పట్టి, గత్తర తగిలి నా మొగుడు ఎల్లయ్య పోయాడు. ఆ పేటలో ఆ నెల ఇంకెంతమంది పోయారో మా అత్తకు గుర్తే లేదు. పడుగు కోసి మొగుణ్ణి మింగిందని నన్ను అన్న గడపలో దింపి పోయారు. అప్పటినుంచీ నన్ను మగ్గం దగ్గరికి రానిచ్చేవాళ్ళు కాదు. నేనుండగా కొత్త పడుగు ఎక్కించేవాళ్ళు కాదు.

అలా ఎన్నో ఏండ్లు గడిచాక ఒక చలికాలంలో గద్వాలలో ఎలుకలు రాలడం మొదలైంది. మా ఇంట్లో పట్టపగలే ఒక ఎలుక తూలుకుంటూ వచ్చి మగ్గం గుంటలో పడి చచ్చింది. వదిన దాన్ని చీపురుతో తోసి మా ఇద్దరి మొహాలూ చూసింది. ప్లేగని అందరికీ తెలుసు. సాయంత్రానికల్లా దండోరా వేశారు. ఎలుక పడ్డ ఇండ్లు ఖాళీ చేయాలి, గుడ్డ, గోనె, గింజ ఏదీ వెంట తీసుకుపోకూడదు, ఉన్నవన్నీ సర్కారు మనుషులు బయటేసి కాలబెడతారు అన్నారు. కట్టుబట్టలతో, నాలుగు కుండలతో వీధి వీధంతా ఊరి బయటికి నడిచింది.

ఐజ దారిలో మద్దిలేటి అనే రైతు జొన్న కోసిన తన చేను మాకు చూపించాడు. అన్న దగ్గర చీరలు కొనేవాడు, ఆ పరిచయమే. చొప్పతో గుడిసెలు వేసుకున్నాం. రెండు రోజులు గడిచాయి, మాలో ఎవరికీ ఏమీ కాలేదు. హమ్మయ్య, గండం గడిచిందనుకున్నాను. అన్న మాత్రం ముద్ద దిగక ఊరివైపే చూస్తున్నాడు.

"పడుగు ఇంట్లనే ఉండె. రేపు మన వాడకొస్తరట, కాలబెడ్తరట" అన్నాడు.

"కాలబెట్టనీ, పీడ పోతది. పానం కంటె ఎక్కువా?" అన్నాను నేను.

"నోర్మూసుకో. నువ్వు పడుగు గోసి ఏం జేసుకున్నవో అందరం జూసినం. ఇప్పుడు నా పెండ్లాం మీదికి తెస్తవా?"

తోడబుట్టినవాడు అనవలసిన మాటేనా అది? వదిన చప్పున లేచింది.

"ఆడబిడ్డను గట్లంటరా? మనిషివేనా?" అని, తర్వాత నెమ్మదిగా, "నాకేమన్నయితే కానీ. నువ్వు మల్ల ఆ ఊర్లకు పోకు" అంది.

"నీకు అయితే కానీ అంటవా? నీకేమన్నయినంక నేనెవరికి నెయ్యాలె?" అన్నాడు అన్న. కండ్లలో నీళ్ళు తిరిగాయి. పెండ్లాం మీద అంత ప్రేమ ఉన్న మగాణ్ణి నేను ఇంకెక్కడా చూడలేదు, ఆ ప్రేమే మమ్మల్ని ముంచింది.

మర్నాడు పొద్దున్నే పోయాడు. మధ్యాహ్నానికి తిరిగొచ్చాడు. భుజం మీద పడుగు, మగ్గం మీద ఎలా ఉందో అలాగే, సగం నేసిన చీరతో సహా చుట్టి తెచ్చాడు. ఒక్క పోగు కూడా కోయలేదట. మొహం వెలిగిపోతోంది. పక్క గుడిసెలవాళ్ళు ఆడవాళ్ళనూ పిల్లలనూ లోపలికి లాక్కున్నారు. మద్దిలేటి గట్టు మీదనుంచే కేకేశాడు.

"సీతారాములన్నా, గదేంది?"

"పడుగు."

"గంజి వెట్టిందేనా?"

"గంజి వెట్టకుంటె పోగు ఆగుతదా? నీకు తెల్వదా?"

మద్దిలేటి దగ్గరికి రాలేదు. "గంజంటె జొన్నగంజే గదన్నా. మా గాదె కాడ ఎలుక రాల్తె ఒక్క గింజ సుత ముట్టం మేము. దాన్ని జర అవుతల పెట్టి అగ్గి పెట్టు. నేను చెప్తున్న."

"గింజ వేరే, నూలు వేరే. నూలు ఎలుకెందుకు తింటది?" అని అన్న నవ్వాడు.

పుట్టినప్పటినుంచీ నూలు మధ్యలో బతికినవాడు. ఆయన కంటికి అది నూలే. ప్రతి పడుగునూ జొన్నగంజిలో ముంచి, వీధి పొడవునా చాపి ఆరబెట్టి, కుంచె పెట్టి దువ్వేవాళ్ళం మేము. దాన్ని తిండి అని మాలో ఎవరమైనా ఎప్పుడైనా అనుకున్నామా? ఎలుక అనుకుంది. పడుగు విప్పి చూస్తే పట్టు అంచులు చెక్కుచెదరలేదు. నడుమ ఉన్న నూలంతా గుప్పెడు గుప్పెడు కొరికేసి ఉంది.

"అయ్యో, అయ్యో" అని అన్న నెత్తి పట్టుకున్నాడు. "తెగిపాయెనే మణెమ్మా! కోస్తెనే కీడంటరు, గిట్ల తెగితె ఏమైతదో!"

"పరేషాన్ గాకు. నేను అతుకుత" అంది వదిన.

నేను ఎగిరిపడ్డాను. ఎలుకలు పొర్లిన దాన్ని ముట్టుకోవద్దన్నాను, మద్దిలేటి చెప్పింది వినండన్నాను, మీకు పుణ్యముంటుందన్నాను. చివరికి వదిన చేతిలోంచి లాక్కోబోయి, "అతకాల్నంటె నేను గూడ కూసుంట, ఇద్దరం చేస్తె జల్ది అయితది, ఎండల పెట్టొచ్చు" అన్నాను. అన్న నా చేతి మీద కొట్టాడు.

"నీ చెయ్యి తగలనియ్యకు!"

అలా బతికాను నేను. నా చెయ్యి అశుభమని, నన్ను దూరంగా పొయ్యి దగ్గరికి తరిమాడు కాబట్టి బతికాను. ఈ సంగతి తలుచుకుంటే నవ్వాలో ఏడవాలో ఇప్పటికీ నాకు తెలియదు.

వదిన తుమ్మచెట్టు నీడలో కూచుని పడుగును ఒడినిండా పరుచుకుంది. తెగిన పోగు కొసను వేలితో తడిచేసి, బూడిద అద్ది, రెండో కొసతో కలిపి మెలిపెట్టేది. ఆమె అతికితే అతుకు వేలికి తగిలేది కాదు. ఆ పూటా, మర్నాడూ అదే పని. అన్న ఎదురుగా కూచుని పోగులు వరుస తప్పకుండా పట్టుకున్నాడు. ఇద్దరూ ఏదో మెల్లగా చెప్పుకుని నవ్వుకుంటున్నారు. మధ్యమధ్య వదిన మడమల దగ్గర గోక్కుంటోంది.

"ఏందో కుడ్తున్నై బాలమణీ. చేన్ల చీమలు గావచ్చు" అంది నాతో.

మూడు రోజులకో నాలుగు రోజులకో ఆమెకు జ్వరం వచ్చింది, ఎందుకో అన్నకు రాలేదు. ఒళ్ళు కాలిపోతోంది. గజ్జల్లో గడ్డ లేచింది. నాకు చూపించి మళ్ళీ చీర కప్పుకుంది. అన్న పిచ్చివాడైపోయాడు. దవాఖానకు తీసుకుపోదామా అంటే అక్కడ ఆరుబయట చాపల మీద పడుకోబెడుతున్నారని, పోయినవాళ్ళెవరూ తిరిగి రాలేదని చెప్పుకుంటున్నారు. వదిన పుట్టిల్లు కృష్ణ అవతల పాన్‌గల్. అక్కడ గడ్డలకు పసరు కట్టే ముసలాయన ఉన్నాడు, అక్కడికి చేరిస్తే చాలు బతుకుతుందని అన్న పట్టుబట్టాడు. పాపం మద్దిలేటి, భయంతో వణుకుతూనే తన బండి కట్టాడు.

బీచుపల్లి రేవుకు చేరేసరికి ఎండ బాగా ఎక్కింది. ఒడ్డున పుట్టి ఉంది, పుట్టి నడిపేవాడూ ఉన్నాడు. బండిలో పడుకున్న మనిషిని చూసి తెడ్డు అడ్డం పెట్టాడు.

"గద్వాలోళ్ళను ఎక్కించుకుంటె అవుతలోళ్ళు నా పుట్టి కాలబెడ్తరు. కట్టెలు వట్టుకోని నిలవడ్డరు, సూడున్రి."

నిజమే, అవతలి ఒడ్డున మనుషులు కనపడుతున్నారు. అన్న వాడి కాళ్ళు పట్టుకున్నాడు. "నా పెండ్లాం పుట్టిల్లు అవుతలనే ఉంది బాబూ, నీ బాంచెను" అని ఇసుకలో పడి మొత్తుకున్నాడు. వాడూ ఏడ్చాడు గానీ పుట్టి కదపలేదు. వాణ్ణి తిట్టడానికి కూడా నాకు నోరు రాలేదు. వాడికీ పిల్లలున్నారు.

అన్న అలా బతిమాలుతూ ఉన్నప్పుడే వదిన బండిలోంచి నా కొంగు పట్టి లాగింది. నేను వంగాను.

"పడుగుతోనే వచ్చింది బాలమణీ. కుట్టినవి చీమలు గావు. మద్దిలేటి జెప్పింది నిజమే" అంది. నాలుక ఎండిపోయి మాట ముద్దముద్దగా వస్తోంది. "మీ అన్నకు జెప్పకు. నువ్వు ఊకుండవు, నాకు తెల్సు. కోపమొస్తె అనేస్తవు. గిది ఒక్కటి అనకు. ఆయన బతకడు."

"నువ్వు బతుకు, అప్పుడు అనను" అన్నాను ఏడుపు ఆపుకోలేక.

"నా మీద ఒట్టెయ్యి."

వేశాను. నా చెయ్యి తీసుకుని తన నెత్తి మీద పెట్టుకుంది. అశుభమన్న చెయ్యే అది.

వెనక్కి తిరిగి వస్తూ దారి పొడవునా అన్న ఆమె తల ఒడిలో పెట్టుకుని, "నీకేం గాదు, పడుగు తెచ్చుకున్నం గద, ఒక్క పోగు గూడ కొయ్యలె" అంటూనే ఉన్నాడు. "అవు, తెచ్చుకున్నం" అంది వదిన. చేను చేరకముందే పోయింది.

మీద కప్పడానికి గుడ్డ లేదు. ఊళ్ళో అంగళ్ళన్నీ మూతపడ్డాయి. ఒంటి మీద చీర తప్ప వెంట తెచ్చుకున్నది ఏమీ లేదు మాకు. పక్క గుడిసెలవాళ్ళు ఎవరూ బయటికి రాలేదు, వాళ్ళను తప్పుపట్టను. మద్దిలేటి తన తలగుడ్డ విప్పబోయాడు. అన్న వద్దని చేయి ఊపి, గుడిసెలోకి పోయి పడుగు తెచ్చి చెట్టు కింద పరిచాడు. వదిన అతికిన పోగులన్నీ ఉన్నాయి. సగం నేసిన చీర, ఉల్లిపొర రంగు, ఎర్ర అంచు.

"ఆ కొస వట్టుకో" అన్నాడు నాతో. ఎన్నో ఏండ్ల తర్వాత పడుగు మీద చెయ్యి వేశాను. అన్న పడుగుతోపాటే చుట్టి తెచ్చిన కత్తెర తీశాడు. నేత ఆగిన చోట పెట్టి ఒక అంచునుంచి మరో అంచుదాకా కరకరా కోసుకుంటూ పోయాడు. చెయ్యి ఎక్కడా ఆగలేదు. చివరి పోగు తెగాక కత్తెర కింద పెట్టి నిలబడిపోయాడు.

"గింతేనా?" అన్నాడు.

నాకు లోపల భగ్గుమంది. ఇంతేరా! ఇంత మాత్రానికేరా! ఇదే కత్తెర ఆనాడే పెట్టి, కోసి అగ్గిలో పారేసి ఉంటే నీ పెండ్లాం ఇప్పుడు పొయ్యి ముందు కూచుని నిన్ను అన్నానికి పిలిచేది కదరా అని అరవాలనిపించింది. నన్ను ఇన్నేండ్లు మొగుణ్ణి మింగినదాన్నని అన్నారే, దానికీ దీనికీ కలిపి అడగాలనిపించింది. మద్దిలేటి ఏదో అనబోయాడు. కండ్లతోనే వద్దన్నాను.

సగం చీరను ఆమెకు కప్పాం. మోకాళ్ళ దాకానే వచ్చింది. అన్న కాళ్ళ దగ్గర కూచుని, అందని అంచును కిందికి లాగుతూ, చిన్నపిల్లవాడిలా నా మొహంలోకి చూశాడు.

"బాలమణీ, పడుగు తెచ్చుకుంటిమి గదనే. ఒక్క పోగు కొయ్యలె. మరి గిట్ల ఎందుకాయెనే?"

"తెల్వదన్నా" అన్నాను.